54 ఏళ్లకు పిండి వ్యాపారం: భయానికి లెక్క కట్టడం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. వయసు 54. గుంటూరులో ఓ ప్రైవేటు కంపెనీలో స్టోర్స్ ఇన్‌చార్జి, జీతం 42 వేలు, ఏడాదిలో రిటైర్‌మెంట్. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి 22 లక్షలు వస్తాయి. సొంతిల్లు ఉంది, అమ్మాయి పెళ్లయింది, అబ్బాయి ఇంజినీరింగ్ చివరి ఏడాది. మీ ఆవిడ చేతి ఇడ్లీ పిండికి వీధిలో పేరుంది, దాన్నే ప్యాకెట్లు చేసి అమ్మాలని రెండేళ్లుగా అనుకుంటున్నారు. డబ్బు పోతుందేమో, ఒళ్లు సహకరిస్తుందో లేదో, నలుగురూ నవ్వుతారేమో అని అడుగు పడటం లేదు. ఈ భయం పోగొట్టుకునేదెలా?

పోగొట్టుకోకండి. మీ మూడు భయాల్లో మొదటి రెండూ న్యాయమైనవే. ముప్పై ఏళ్లవాడు ఐదు లక్షలు పోగొట్టుకుంటే మళ్లీ కూడబెట్టడానికి పాతికేళ్లు ఉంటాయి, మీకు లేవు. అయితే మీరు భయపడుతున్నది 22 లక్షల గురించి. భయపడాల్సింది రెండున్నర లక్షల గురించి. ముందు ఆ తేడా కాగితం మీద పెడదాం.

ఇంటి ఖర్చు నెలకు 30 వేలనుకుంటే ఏడాదికి 3 లక్షల 60 వేలు. అది ఎఫ్‌డీలో పెట్టి మరచిపోండి. అబ్బాయి చదువుకు మిగిలింది లక్షన్నర. ఆసుపత్రి అవసరానికి చేతికందేలా 2 లక్షలు. మీ ఇద్దరి ఆరోగ్య బీమాకు మొదటి ఏడాది ప్రీమియం అటూఇటూ 40 వేలు. 12 లక్షలు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేయండి. ఇది 60 నిండినవాళ్లకే అనుకుంటారు కానీ, 55 నిండి రిటైరైనవాళ్లు ఆ డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోపు చేరవచ్చు. 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 24,600 రూపాయలు వస్తాయి. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 2 లక్షల 50 వేలు. వ్యాపారం డబ్బు అంతే. మీ ఆరు నెలల జీతం. పైసాతో సహా పోయినా ఇల్లు, అబ్బాయి చదువు, మందులు కదలవు. ఈ రెండున్నర లక్షలను వేరే బ్యాంకులో, వేరే ఖాతాలో ఉంచండి. ఒకే ఖాతాలో ఉంటే ‘ఈ నెల ఒక్క యాభై వేలు’ అంటూ గీత జరిగిపోతుంది. ఈ వయసులో వ్యాపారాల్లో మునిగినవాళ్లలో చాలామంది మొదటి పెట్టుబడి వల్ల మునగలేదు, దాన్ని కాపాడుకోవడానికి పోసిన రెండో, మూడో విడత వల్ల మునిగారు.

డబ్బు విషయంలో ఇంకో రెండు మాటలు. ఈపీఎస్ (పీఎఫ్‌తోపాటు ఉండే ఉద్యోగుల పింఛను పథకం) పింఛను 58కి వస్తుంది. 50 దాటాక ముందే తీసుకోవచ్చు కానీ, ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గుతుంది, ఆ కోత శాశ్వతం. పిండి అమ్ముడుపోలేదన్న కంగారులో అది తీయొద్దు. ఆరోగ్య బీమా ఉద్యోగంలో ఉండగానే కొనండి. బీపీ, షుగర్ లాంటి ముందే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్లు ఆగాల్సి రావచ్చు. ఆ గడియారం ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది.

మీకు వాట్సాప్‌లో కేఎఫ్‌సీ సాండర్స్ కథ ఈపాటికి పదిసార్లు వచ్చి ఉంటుంది. 62 ఏళ్లకు మొదలుపెట్టి జయించాడని. కథలో వదిలేసేది ఒకటుంది. ఆయన 1930 నుంచే కెంటకీలోని కార్బిన్‌లో ప్రయాణికులకు వండిపెట్టేవాడు. 1952లో తొలి ఫ్రాంచైజీ ఇచ్చేనాటికి ఆ పనిలో రెండు దశాబ్దాలు దాటాయి. అమెరికా జనగణన శాఖ సమాచారం మీద చేసి 2020లో ప్రచురించిన పరిశోధనలో, అతివేగంగా పెరిగిన వెయ్యింటికొక్క సంస్థను మొదలుపెట్టినవారి సగటు వయసు 45గా తేలింది. అదే రంగంలో అంతకుముందు పనిచేసి ఉండటం పెద్ద అనుకూలత అని కూడా తేలింది. కాబట్టి వయసు అడ్డమా అని కాదు, ముప్పై ఏళ్లలో మీరు నేర్చుకున్నది ఈ వ్యాపారంలో ఎక్కడ పనికొస్తుందని అడగాలి. మీ విషయంలో జవాబు తేలిక. ఇడ్లీ పిండి వ్యాపారం పైకి వంట, లోపల స్టోర్సు. ముందొచ్చిన సరుకు ముందు బయటికి పోవాలి, తేదీ దాటింది పక్కన పెట్టాలి, రిటర్న్ సరుకుకు కారణం రాయాలి, ఏ షాపుకు రేపు ఎన్ని అన్నది నిన్నటి అమ్మకం చూసి తేల్చాలి. బాగా వండేవాళ్లు ఈ పని చేయలేకే ఆరు నెలల్లో మూసేస్తారు.

ఇక లెక్క. నేను తీసుకున్న ధరలు ఉదాహరణకే, మీ బజారు ధరలు పెట్టి మళ్లీ కట్టుకోండి. కిలో మినపగుళ్లు 140, రెండు కిలోల ఇడ్లీ రవ్వ 100, ఉప్పూ అదీ కలిపి 255 రూపాయల సరుకుకు దాదాపు 7 కిలోల పిండి వస్తుంది. కిలోకు 36. కవరు, స్టిక్కరు 4, కరెంటు 2, బండి పెట్రోలు 3. మొత్తం 45. ఇంటికి నేరుగా 70కి అమ్మితే 25 మిగులుతాయి. షాపుకు 60కి ఇస్తే 15 మిగలాలి. మిగలవు. పది కిలోలు వేస్తే ఒక కిలో ఉబ్బిపోయి వెనక్కి వస్తుంది. 9 కిలోలకు 540 వస్తాయి, ఖర్చు 450, మిగిలేది 150 కాదు, 90. పదో వంతు రిటర్న్ లాభంలో 40 శాతం తినేసింది. ఈ ఒక్క అంకె ఒంటబడితే వ్యాపారం సగం వచ్చినట్టే.

సగం ఇళ్లకు, సగం షాపులకు అమ్మితే కిలోకు సగటున 17 రూపాయలు. పనిమనిషికి 8 వేలు, ఫ్రిజ్ కరెంటుకు 1,500, చిల్లర 500, మొత్తం నెలకు 10 వేల స్థిర ఖర్చు. అది రాబట్టడానికే నెలకు 26 రోజుల లెక్కన రోజుకు 23 కిలోలు అమ్మాలి. ఇంటికి 20 వేలు తీసుకెళ్లాలంటే 68 కిలోలు. అమ్మకంలో ఇళ్ల వాటా 70 శాతానికి పెంచగలిగితే 57 కిలోలు చాలు. అందుకే మొదటి మూడు నెలలు షాపుల సంఖ్య కంటే, వారం వారం తిరిగొచ్చి కొనే ఇళ్ల సంఖ్య మీద కన్నేయండి. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. లోగో, ఫ్లెక్సీ, ఇన్‌స్టా పేజీ ముందు, కొనేవాడు తర్వాత. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు.

మొదటి మెట్టు ఉద్యోగంలో ఉండగానే. నాలుగు వారాంతాలు, ఇంట్లో ఉన్న రెండు లీటర్ల గ్రైండరుతోనే. కొనాల్సింది ఒక త్రాసు, కవర్లు మూసే సీలరు, కవర్లు. సరుకుతో కలిపి 10 వేలు దాటదు. మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో బయటి వ్యాపారం చేయరాదన్న షరతు ఉందేమో చూసుకోండి. ఎలాగూ పిండి ఆవిడదే కాబట్టి అన్నీ ఆవిడ పేరు మీదే ఉండటం మేలు, దానికి ఇంకో లాభం కూడా ఉంది, కింద చెబుతాను. శనివారం సాయంత్రం మీకు పెద్ద రోజు. వేంకటేశ్వరస్వామికి శనివారం రాత్రి అన్నం మానేసి టిఫిన్ తినే ఇళ్లు మన వైపు ఎన్నో ఉన్నాయి, పైగా ఆదివారం పొద్దున అందరికీ దోశలు కావాలి. కార్తీకమాసంలో అమ్మకం లేస్తుంది, ఏప్రిల్, మే నెలల్లో సెలవులకు ఇళ్లు ఖాళీ అయి పడిపోతుంది. కాబట్టి ఒక మంచి నెల చూసి రిజైన్ చేయకండి, ఒక చెడ్డ నెల చూసి మూసేయకండి.

ఈ నాలుగు వారాల్లో చుట్టాలకు అమ్మొద్దు. వాళ్లు బాగుందనే అంటారు. ఊరికే ఇవ్వనూ వద్దు. శాంపిల్ తిని మెచ్చుకున్నవాడు కొనేవాడు కాదు. ‘కిలో 70, నచ్చకపోతే డబ్బు వెనక్కిస్తాను’ అనండి చాలు. మొదటి వారం కొన్న పదిమందిలో మూడో వారం మళ్లీ ఎంతమంది అడిగారన్నదే మీ పరీక్ష. సగం మంది కూడా రాకపోతే పిండిలోనో ధరలోనో తేడా ఉంది, గ్రైండరు కొనే ముందు అది తేల్చుకోవాలి.

రెండో మెట్టుకు సామాను. పది లీటర్ల టిల్టింగ్ గ్రైండరు (డ్రమ్ము ఎత్తకుండా వంచి పిండి తీసేది) సుమారు 30 వేలు, పాత విజీ కూలర్ (షాపుల్లో ఉండే అద్దాల తలుపు ఫ్రిజ్) 20 వేలు, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న త్రాసు 4 వేలు, సీలరు 2,500, స్టీలు గిన్నెలు, ట్రేలు 10 వేలు, వైరింగు 6 వేలు, బండికి ఇన్సులేటెడ్ పెట్టె 4 వేలు, కవర్లు 5 వేలు, పదిహేను రోజుల సరుకు 16 వేలు. లక్షకు లోపే. మిగతా లక్షన్నరలో ఆరు నెలల స్థిర ఖర్చు 60 వేలు. 90 వేలు ముట్టుకోకుండా ఉంచండి, తప్పులకు అది కావాలి. షట్టరు అద్దెకు తీసుకోవడం, అడ్వాన్స్ ఇవ్వడం, టైల్స్ వేయించడం, ఇవేవీ ఇప్పుడు వద్దు. గ్రైండరు అమ్మితే సగం ధరైనా వస్తుంది, టైల్స్ పీకి అమ్ముకోలేం.

తప్పులు ఎక్కడ జరుగుతాయో కాస్త వివరంగా చెప్పాలి. గుంటూరు ఎండ సంగతి మీకు తెలిసిందే. మే నెలలో రుబ్బిన పిండి బయట ఉంటే నాలుగైదు గంటల్లో పొంగిపోతుంది. గ్రైండరు రాయి రాపిడికే పిండి వేడెక్కుతుంది, అందుకే రుబ్బేటప్పుడు చల్లటి నీళ్లు, ఎండాకాలంలో ఐసు ముక్కలు వేయాలి. పులియబెట్టి అమ్మకండి. రుబ్బిన వెంటనే ప్యాక్ చేసి ఫ్రిజ్‌లో పెట్టి, ‘వాడే ముందు రాత్రి బయట ఉంచండి’ అని కవరు మీద రాయండి. కవరులో నాలుగో వంతు ఖాళీ వదలండి, లేకపోతే గ్యాసుకు అతుకు ఊడుతుంది. ప్యాకెట్లను ఫ్రిజ్‌లో ఒకదానిమీద ఒకటి పేరిస్తే మధ్యలోవి చల్లబడటానికి గంటలు పడుతుంది. పైన చల్లగా తగిలిన గుట్టలోనే లోపలివి పులుస్తుంటాయి. ఒకే వరుసలో, మధ్య సందు వదిలి పెట్టండి, చల్లబడ్డాకే పేర్చండి. డిసెంబరులో దీనికి విరుద్ధం, పిండి పొంగదు, ‘పాతదిచ్చారు’ అని ఫోను వస్తుంది. ఆ రెండు నెలలు గోరువెచ్చటి చోట పెట్టమని చెప్పాలి.

గుళ్లు పాతబడితే నురగ రాదు, ఇడ్లీ రాయిలా వస్తుంది. బస్తా కొనే ముందు కిలో తెచ్చి రుబ్బి, చిటికెడు పిండి నీళ్లలో వేయండి. తేలితే కొనండి, మునిగితే వద్దు. నానబెట్టడం నాలుగు గంటలు, ఎండాకాలం అంతకుమించితే నానిన నీళ్లే పులుస్తాయి. ఇక ‘చేతి అందాజు’ సంగతి. మీ ఆవిడ చేతి రుచి నిజమే, కానీ రోజుకు అరవై కిలోలు అందాజుతో ఒకేలా రావు. ఆవిడ చేసిన పది వాయలు తూచి రాయండి. గుళ్లు ఎంత, రవ్వ ఎంత, నీళ్లు ఎన్ని, ఎన్ని నిమిషాలు రుబ్బారు. ఆ కాగితం గ్రైండరు పైన గోడకు అతికించండి. పనిమనిషి ఆ కాగితం చూసి రుబ్బిన పిండిని ఆవిడ తన పిండే అని నమ్మినరోజు మీకు వ్యాపారం ఉంది. అంతదాకా ఉన్నది ఆవిడకు ఇంకో చాకిరీ మాత్రమే. (ఈ విషయం ఆవిడను విడిగా అడగండి. చాలా ఇళ్లలో భర్తకు రిటైర్‌మెంట్ వ్యాపారం, భార్యకు రెండో వంటిల్లు అవుతోంది. రుబ్బడం, కడగడం, డెలివరీ ఎవరు చేస్తారో మొదటిరోజే మాట్లాడుకోవాలి.)

షాపులవాళ్ల దగ్గర రెండు చిక్కులు. ఒకటి, రాత్రి కరెంటు ఆదాకు ఫ్రిజ్ ఆపేస్తారు. పొద్దున ప్యాకెట్లు బంతుల్లా ఉంటాయి, నింద మీ పిండి మీద. అందుకే సరుకు సాయంత్రం నాలుగు నుంచి ఏడు మధ్య వేయండి, జనం రేపటి టిఫినుకు కొనేది అప్పుడే. షాపువాడు ఇరవై అడిగినా నిన్న పది అమ్మితే పన్నెండే వేయండి. రెండోది ఖాతా. వారానికోసారి ఇస్తామంటారు. ఒక్కో షాపుకు 2 వేలు మించి బాకీ ఉంచొద్దు. మించినరోజు సరుకు ఆపండి, మొహమాటం వద్దు.

పరువు భయం గురించి. నిన్నటిదాకా సంతకం పెట్టి సరుకు ఇచ్చిన మనిషి, ఇవాళ సంచి పట్టుకుని కిరాణా కొట్టు ముందు నిలబడాలి. గొంతు పెగలదు, అది మామూలే. మీ వీధిలో మొదలుపెట్టకండి. రెండు మూడు కిలోమీటర్ల అవతల, మిమ్మల్ని ఎరగని పదిహేను షాపులు రాసుకుని, రోజుకు మూడు చొప్పున ఐదు రోజుల్లో తిరగండి. ఎన్ని ఒప్పుకున్నాయన్నది లెక్క పెట్టొద్దు, ఎన్ని అడిగారన్నదే పెట్టండి. నలుగురు సరేనన్నా మీకు చేతినిండా పనే. మీ వీధికి చివర్లో రండి. అప్పటికి వాళ్లకు చెప్పడానికి మీ దగ్గర ‘ఫలానా చోట ఇన్ని షాపుల్లో దొరుకుతుంది’ అన్న మాట ఉంటుంది. నవ్వేవాళ్లు ప్రారంభోత్సవం ఆర్భాటంగా చేసి ఆరు నెలలకు మూసినవాడిని చూసి నవ్వుతారు. బోర్డే లేనివాడిని ఎవరూ పట్టించుకోరు.

ఒళ్లు. రెండు పనులు నడుం విరగ్గొడతాయి. నిండు డ్రమ్ము ఎత్తడం, తడి నేల మీద గంటలకొద్దీ నిలబడటం. టిల్టింగ్ గ్రైండరే తీసుకోమన్నది అందుకే. పిండి బకెట్టు పది కిలోలు మించకూడదు. తెల్లవారుజామున లేచి రుబ్బాలన్నది హోటళ్ల పద్ధతి, మీకు అక్కర్లేదు. ఉదయం నానబోసి, పదకొండు నుంచి రెండున్నర దాకా రుబ్బి, సాయంత్రం వేసేయొచ్చు. ఇలాగైతే షుగర్ ఉన్నవాళ్లకు తిండి వేళలూ నిద్రా చెడవు. మీరు నాలుగు రోజులు జ్వరంతో పడుకుంటే ఏమవుతుందన్నది మొదటి నెలలోనే పరీక్షించండి. ఒక రోజు కావాలని ఇంట్లో కూర్చుని, పనిమనిషితో, బండి నడిపే కుర్రాడితో నడిపించి చూడండి.

కాగితాలు భయపడేటన్ని లేవు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ చిన్న వ్యాపారానికి ఏడాదికి 100 రూపాయలు, ఆన్‌లైన్‌లోనే. మొదటి ప్యాకెట్ అమ్మే ముందే తీసుకోండి, 14 అంకెల ఆ నంబరు కవరు మీద ఉండాలి. దాంతోపాటు పదార్థాలు, నికర బరువు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, ఎంఆర్‌పీ, మీ పేరు, చిరునామా, ఫోను, శాకాహారపు పచ్చ గుర్తు. ఉద్యం (చిన్న పరిశ్రమల నమోదు) రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే వెబ్‌సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు. జీఎస్టీ పరిమితి సరుకు అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. రోజుకు 68 కిలోలు అమ్మినా మీ ఏడాది అమ్మకం 13 లక్షల దగ్గరే.

లోను మొదటి ఆరు నెలలు వద్దంటాను. తర్వాత పెంచాలనుకుంటే రెండు దారులు, రెండూ కేంద్ర ప్రభుత్వ సబ్సిడీ రుణ పథకాలే. అప్పటికి అమల్లో ఉన్నాయో లేదో ముందు బ్యాంకులో కనుక్కోండి. పీఎంఈజీపీకి గరిష్ఠ వయోపరిమితి లేదు. మహిళలకు పట్టణంలో 25 శాతం, గ్రామంలో 35 శాతం సబ్సిడీ (ఆవిడ పేరు మీద పెట్టమన్న రెండో కారణం ఇది). కానీ అది కొత్త యూనిట్లకే. ఇప్పటికే నడుస్తున్నదానికి ఇవ్వరు, కాబట్టి ఈ దారి వేరే కొత్త యూనిట్ పెడితేనే. పీఎంఎఫ్‌ఎంఈ ఆహార తయారీ యూనిట్లకు, నడుస్తున్నవాటికి కూడా, 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు. రెండింటిలోనూ సబ్సిడీ వెంటనే చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులోనే ఉంటుంది, యూనిట్ నడిస్తేనే అప్పులో జమవుతుంది. సబ్సిడీ వస్తుందని ఐదు లక్షల యంత్రం కొని, రోజుకు ఇరవై కిలోలు రుబ్బుకునేవాళ్లు అక్కడే చిక్కుకుంటారు. ఎంత తక్కువ వడ్డీ అన్నా ఇంటి కాగితాలు మాత్రం బయటికి తీయకండి.

చివరగా ఆపే తేదీలు. ఇవి మొదలుపెట్టక ముందే రాసి, మీ అబ్బాయి చేతికివ్వండి. 90వ రోజుకు వారం వారం కొనే ఇళ్లు 40 లేకపోయినా, షాపుల రిటర్న్ పదో వంతు దాటుతున్నా, కొత్తగా ఏమీ కొనకుండా ఇంకో 30 రోజులే చూడాలి. 180వ రోజుకు రోజుకు 23 కిలోలు దాటకపోతే ఆపేయాలి. అప్పటికి లక్షన్నర ఖర్చయి ఉంటుంది, సామాను అమ్మితే 30, 40 వేలు వెనక్కొస్తాయి. ఆ రోజు మీకు ‘ఇంకొక్క నెల’ అనే అనిపిస్తుంది, ఆ కాగితం మీ చేతిలో ఉండకూడదన్నది అందుకే.

ఈ శనివారానికి పని చిన్నదే. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దరఖాస్తు ఇవాళే పెట్టండి, నంబరు రావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఈలోగా అమ్మకం వద్దు, కిలో గుళ్లు, రెండు కిలోల రవ్వతో ఒక వాయ రుబ్బి, వచ్చిన పిండి తూచండి. నేను 7 కిలోలన్నాను. మీకు ఆరే వస్తే పైన వేసిన లెక్కలన్నీ మారతాయి.